డీఎస్సీ అలారం ఐటీ-100 సీరియల్ పోర్టు ఒకటే, కలపాల్సినవి రెండు. ఎలా?

గరాజ్_ల్యాబ్:
అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఈ మధ్యే ఒక పాత ఇల్లు కొన్నాం. క్లోజెట్‌లో డీఎస్సీ (దొంగల అలారాలు చేసే కంపెనీ) ప్యానెల్ ఉంది, మోడల్ పీసీ1864, దానికి ఐటీ-100 అని, అలారాన్ని వేరే పరికరాలతో మాట్లాడించే మాడ్యూల్ తగిలించి ఉంది. ఆ మాడ్యూల్‌కున్న ఒకే ఒక్క ఆర్‌ఎస్-232 (పాతకాలపు సీరియల్) పోర్టుని పాత ఓనర్ గరాజ్‌లోని లైటింగ్ కంట్రోలర్‌కి కలిపేశాడు. అలారం పెట్టి బయటికెళ్తే లైట్లన్నీ ఆరిపోతాయి, రాత్రి వెనక తలుపు తీస్తే ప్యాటియో లైటు వెలుగుతుంది. ఇంట్లో అందరికీ అది తెగ నచ్చేసింది, పీకేస్తానంటే ఒప్పుకునేలా లేరు.

నేను రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో పరికరాలన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాను. ఏ తలుపు తెరిచి ఉందో దానికీ తెలియాలి, కుదిరితే ఫోన్ నుంచి అలారం పెట్టడం, తీయడం కూడా కావాలి. వై కేబుల్‌తో చీలిస్తే పనవుతుందా, లేక వేరే దారేమైనా ఉందా? ప్యానెల్ మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.

నైట్‌షిఫ్ట్_నాని:
చీల్చేయండి బ్రో, ఏం కాదు. మా వర్క్‌షాపులో తూకం మిషన్ నుంచి కంప్యూటర్‌కీ, పైనున్న డిస్‌ప్లే బోర్డుకీ ఒకే వైరు నుంచి ఇచ్చాం, ఏళ్ల తరబడి నడుస్తోంది.

సోల్డర్_సీత:
నాని గారూ, అక్కడ మాట్లాడేది తూకం మిషన్ ఒక్కటే, మిగతా రెండూ వింటాయి, అందుకే నడుస్తోంది. ఇక్కడ రెండు పెట్టెలూ తిరిగి మాట్లాడాలి, చిక్కంతా అక్కడే. ఆర్‌ఎస్-232లో లైను ఖాళీగా ఉన్నా డ్రైవర్ చిప్పు దాన్ని వదిలేయదు, మైనస్ వోల్టేజీలో పట్టుకునే ఉంటుంది (మైనస్ 3 నుంచి మైనస్ 15 దాకా అంతా 1 కిందే లెక్క, ప్లస్ 3 పైన 0). కంట్రోలర్ 0 పంపాలని లైనుని ప్లస్‌కి లాగుతుంటే, ఏ పనీ లేని రాస్‌బెరీ పై అడాప్టర్ అదే లైనుని మైనస్‌కి లాగుతూ ఉంటుంది. వోల్టేజీ మధ్యలో ఎక్కడో తేలుతుంది, అది 1ఓ 0ఓ ఐటీ-100కి తెలియదు. ఇలాంటి చిప్పులు సాధారణంగా షార్ట్‌ని తట్టుకుంటాయి కాబట్టి కాలిపోవడం అరుదే, కానీ కమాండ్లు మాత్రం సరిగ్గా వెళ్లవు.

ఊరికే వినడానికైతే చీల్చొచ్చు. ఐటీ-100 టీఎక్స్ (పంపే) పిన్నుని రెండు చోట్లా ఆర్‌ఎక్స్‌కి (అందుకునే పిన్నుకి) ఇవ్వండి, రాస్‌బెరీ పై నుంచి వచ్చే టీఎక్స్ వైరు అసలు కలపకండి. ఒక్కో రిసీవర్ 3 నుంచి 7 కిలో ఓమ్‌ల లోడు, రెండు కలిస్తే లెక్క ప్రకారం స్పెక్ దాటొచ్చు, పొట్టి వైరు మీద మాత్రం మామూలుగా నడిచిపోతుంది. డయోడ్లు పెట్టి రెండు టీఎక్స్‌లు కలిపే సర్క్యూట్లు నెట్‌లో దొరుకుతాయి. వాటితో వోల్టేజీల కొట్లాట తీరుతుంది గానీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వచ్చే గందరగోళం తీరదు.

పాతబోర్డు:
అవును, వైర్ల గొడవ తీరినా ప్రోటోకాల్ గొడవ మిగిలే ఉంటుంది. ఐటీ-100 భాష చాలా సాదా: మూడంకెల కమాండ్, దాని వెనక డేటా, చివర రెండక్షరాల చెక్‌సమ్ (సందేశం చెడకుండా వచ్చిందో లేదో చూసే లెక్క), ఆపైన లైను ముగిసిందని చెప్పే సీఆర్, ఎల్‌ఎఫ్ గుర్తులు. మూడో జోన్ (ప్యానెల్ కాపలా కాసే ఒక్కో తలుపో కిటికీయో ఒక జోన్) తెరుచుకుంటే లైను మీద 60900332 అని వస్తుంది. 609 అంటే జోన్ తెరుచుకుందని, 003 జోన్ నంబరు, 32 చెక్‌సమ్ (ముందున్న ఆరు అక్షరాల ఆస్కీ విలువలు కూడితే హెక్స్‌లో 132 వస్తుంది, చివరి రెండే తీసుకుంటారు). మీరు 00090 అని పోల్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) పంపితే 50000025 అని జవాబొస్తుంది, అంటే 000 అందిందని. ఇందులో ఎక్కడైనా అడిగినవాడి పేరుందా? ఇద్దరూ ఒకే కమాండ్ పంపారనుకోండి, వచ్చిన జవాబు ఎవరిదో తేల్చే దారే లేదు.

ఇంతకంటే పెద్ద తలనొప్పి సెట్టింగులతో. 055తో టైమ్ స్టాంపు ఆన్ చేస్తే ప్రతి సందేశం ముందు టైమ్ వచ్చి చేరుతుంది, ఒకడు ఆన్ చేశాడంటే దాన్ని ఊహించని రెండోవాడు ఏదీ చదవలేడు. 080తో ఏకంగా బాడ్ రేటే (లైను వేగమే) మార్చేయొచ్చు. 070 అంటే కీప్యాడ్ మీద ఒక్కో బటన్ నొక్కినట్టు, మీ ఫోన్ నుంచి కోడ్‌లోని అంకెలు ఒకటొకటిగా వెళ్తుండగా మధ్యలో కంట్రోలర్ ఇంకో బటన్ దూర్చిందంటే ప్యానెల్‌కి అందేది తప్పు కోడే.

అందుకని పోర్టుని ఒక్కడి చేతికే ఇవ్వాలి, ఆ ఒక్కడు మీ రాస్‌బెరీ పై మీద నడిచే చిన్న పైథాన్ ప్రోగ్రామ్. ఐటీ-100 నుంచి వచ్చిన ప్రతి లైనునీ అందరికీ పంచుతుంది. అటువైపు వెళ్లాల్సిన కమాండ్లని మాత్రం సీఆర్, ఎల్‌ఎఫ్ వచ్చేదాకా పోగేసి క్యూలో పెడుతుంది, ఒకటి పంపాక 500 (అందింది), 501, 502 (రెండూ తప్పు జరిగిందనే జవాబులు)లలో ఏదో ఒకటి వస్తేనే రెండోది వదులుతుంది. 055, 080 లాంటివి గుమ్మంలోనే ఆపేస్తుంది. మాడ్యూల్ డిఫాల్ట్ బాడ్ రేటు 9600 దగ్గర అక్షరానికి మిల్లీసెకను చిల్లర, పైన చెప్పిన జోన్ సందేశం సీఆర్, ఎల్‌ఎఫ్‌తో కలిపి పది అక్షరాలు, కాబట్టి క్యూ వల్ల ఆలస్యం మనిషికి తెలియనే తెలియదు.

గరాజ్_ల్యాబ్:
చాలా థ్యాంక్స్ అండీ. ప్రోగ్రామ్ రాయకుండా సెర్2నెట్ (సీరియల్ పోర్టుని నెట్‌వర్క్ మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టేస్తే కాదా? అందులో ఒకే పోర్టుకి ఎక్కువ కనెక్షన్లు ఒప్పుకునే సెట్టింగ్ ఉంది కదా. ఇంకో సంగతి, ఆ పాత కంట్రోలర్‌కి నెట్‌వర్క్ అనేదే లేదు, వెనకాల 9 పిన్నుల పోర్టొక్కటే.

పాతబోర్డు:
సెర్2నెట్ బైట్లని అటూ ఇటూ మోస్తుందంతే, సందేశం ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు. వినేవాళ్లు పదిమంది ఉన్నా బాగానే చేస్తుంది, ఇద్దరు రాయడం మొదలుపెడితే ఒకడి సగం కమాండ్‌లో ఇంకొకడి సగం కలుస్తుంది, చెక్‌సమ్ తప్పి 501 వస్తుంది.

కంట్రోలర్ కోసం రాస్‌బెరీ పైకి ఇంకో యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ పెట్టండి, ప్రోగ్రామ్ అటువైపు తనే ఐటీ-100 అన్నట్టు నటించాలి. టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారు చేసే నల్ మోడెమ్ ముక్క అవసరం పడొచ్చు, కొని దగ్గర పెట్టుకోండి. రెండు అడాప్టర్లున్నప్పుడు రీబూట్ అయితే వాటికి పడే 0, 1 నంబర్లు మారిపోతుంటాయి, కాబట్టి లినక్స్ ఇచ్చే శాశ్వత పేర్లే వాడండి. ఎఫ్‌టీడీఐ చిప్పు వాటికి మామూలుగా సీరియల్ నంబరు ఉంటుంది, చవకగా వచ్చే సీహెచ్340 వాటికి ఉండదు, అవి రెండు కొంటే ఏ యూఎస్‌బీ సాకెట్లో ఉందో దాన్ని బట్టి గుర్తుపట్టాల్సిందే.

ఒక్క జాగ్రత్త. కంట్రోలర్ అప్పుడప్పుడూ 000 పంపి అవతల మనిషున్నాడా అని చూస్తుంది. దానికి మీ ప్రోగ్రామ్ గుడ్డిగా 500 ఇచ్చేస్తే, ఐటీ-100 వైరు ఊడిపోయినా కంట్రోలర్ అంతా బాగుందనే అనుకుంటుంది. అసలు ఐటీ-100ని మీరే పోల్ చేస్తూ, దాని జవాబు తాజాగా ఉన్నప్పుడే కంట్రోలర్‌కి జవాబివ్వండి.

కీబస్_బుజ్జి:
నన్నడిగితే ఆర్‌ఎస్-232ని పట్టుకుని వేలాడటమే దండగ. పదిమంది పంచుకోవడానికి డీఎస్సీ పెట్టింది కీబస్‌ని. ఎరుపు, నలుపు పవరు, పసుపు క్లాక్, ఆకుపచ్చ డేటా, మీ కీప్యాడ్లూ ఐటీ-100 కూడా వేలాడేది ఆ నాలుగు వైర్ల మీదే. డీఎస్సీ కీబస్ ఇంటర్‌ఫేస్ అని ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద నడుస్తుంది. బస్సు మీద 12 వోల్టుల పైన ఉంటుంది, ఈఎస్‌పీది 3.3, మధ్యలో వోల్టేజీ తగ్గించే రెసిస్టర్ డివైడర్ తప్పనిసరి. అలారం పెట్టడం, తీయడం కూడా కావాలంటే ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ అదనం. ఐటీ-100, కంట్రోలర్ ఎక్కడివక్కడే ఉంటాయి, మీ ఇంట్లోవాళ్లకి ఏం మారిందో కూడా తెలియదు. సోల్డరింగ్ వద్దనుకుంటే ఎన్విసాలింక్ బోర్డు కొనండి, అదీ కీబస్ మీదే కూర్చుంటుంది, హోమ్ అసిస్టెంట్‌కి తెలుసు. కాకపోతే దాని 4025 పోర్టులో ఒకసారికి ఒక్క క్లయింటే, మళ్లీ రెండో సాఫ్ట్‌వేర్ తెచ్చారంటే కథ మొదటికొస్తుంది.

సోల్డర్_సీత:
బుజ్జి చెప్పినదానికే నా ఓటు. పాతబోర్డు గారి పద్ధతికే వెళ్తే మాత్రం ప్రోగ్రామ్‌ని 127.0.0.1 (అదే కంప్యూటర్ లోపలి అడ్రసు) మీదే విననివ్వండి, వైఫై మొత్తానికి తెరిచి పెట్టకండి. అలారం తీసే 040 కమాండ్‌లో మీ కోడ్ ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా అలాగే వెళ్తుంది. ఇంటికొచ్చిన చుట్టాల ల్యాప్‌టాప్ కూడా ఆ వైఫై మీదే ఉంటుంది కదా.

గరాజ్_ల్యాబ్:
సరే, కీబస్ దారిలోనే వెళ్తాను. ముందు వినడం వరకే, ట్రాన్సిస్టర్ తర్వాత చూస్తా. ఈఎస్‌పీ32 నా దగ్గర ఊరికే పడి ఉంది. ఈ వీకెండే కూర్చుంటా.

కీబస్_బుజ్జి:
వైర్లు కలిపేముందు ట్రాన్స్‌ఫార్మరూ బ్యాటరీ రెండూ తీసేయండి, ఒక్కటే తీస్తే ప్యానెల్ రెండోదాని మీద నడుస్తూనే ఉంటుంది. మానిటరింగ్ (అలారం మోగితే చూసుకునే కంపెనీ) ఉంటే వాళ్లకి ముందే ఫోన్ చేసి అకౌంట్ టెస్ట్‌లో పెట్టించుకోండి, లేకపోతే మీరు స్క్రూడ్రైవర్‌తో క్లోజెట్‌లో ఉండగా పోలీసులు తలుపు కొడతారు.