డిసెంబర్ 8 పుటలో పై వరుస ఎవరిది: పుట్టినవారిదా, ఆ హత్యదా?

సన్నజాజి:
మనం కలిసి కూర్చుతున్న సంగీత దినదర్శినిలో డిసెంబర్ 8 పుట ముసాయిదా చదివాను. 1980లో న్యూయార్క్‌లో జరిగిన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్యకు ముప్పాతిక పుట దక్కగా, అదే తేదీన పుట్టిన గాయకులు సామీ డేవిస్ జూనియర్ (1925), జిమ్ మారిసన్ (1943), గ్రెగ్ ఆల్‌మన్ (1947), షినేడ్ ఓ'కానర్ (1966) నలుగురూ అడుగున ఒకే వరుసలో ఇరుక్కున్నారు. జననాలు పైకి, మరణాలు కిందికి రావాలని నా ప్రతిపాదన.

పాతరికార్డు:
సన్నజాజి గారూ, పుట్టుక సంగీత ఘటన ఎలా అవుతుంది? ఫ్లోరిడాలో ఒక నౌకాదళ అధికారి ఇంట పుట్టిన పసివాడు జిమ్ మారిసన్ ఆ రోజు ఏడ్చాడే గాని పాడలేదు. ఆయన బృందం డోర్స్ తొలి ఆల్బమ్ వచ్చిన 1967 జనవరిలో ఆయనను తలుచుకుందాం. అయినా ముసాయిదాలో అసలు పొరపాటు అది కాదు. కాల్పులు జరిగినప్పుడు న్యూయార్క్‌లో రాత్రి దాదాపు 10:50 అయింది, అప్పటికి లండన్‌లో 9వ తేదీ తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. లెనన్ పుట్టిన లివర్‌పూల్‌కు ఆ వార్త తెలిసింది 9నే కనుక రెండు తేదీలూ వేయాలి.

నాలుగోతీగ:
ముసాయిదా రాసింది నేను. ఘటన జరిగిన చోటి గడియారమే ప్రమాణం.

పాతరికార్డు:
ఈ మాట నేను ఇదివరకే ఒకసారి విని నష్టపోయాను. ఒక క్విజ్ పోటీ చివరి రౌండులో, లెనన్ మరణవార్త బ్రిటన్ శ్రోతలు ఏ తేదీన విన్నారని అడిగితే 9 అన్నాను. నిర్వాహకుడు చేతిలోని కాగితం చూసుకుని, 8 అని రాసి ఉందంటూ మార్కు కోసేశాడు. ఆ ఒక్క మార్కుతోనే ఓడిపోయాం. గడియారం లెక్క కాగితం వెనుక వేసి చూపించినా ఆయన తల ఎత్తలేదు.

మితభాషి:
2004లో ఇదే తేదీన హెవీమెటల్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ ఒహాయోలోని కొలంబస్‌లో వేదిక మీదే కాల్పులకు బలయ్యారు. ముసాయిదాలో ఆయన లేరు.

సన్నజాజి:
పాతరికార్డు గారూ, మీ పోయిన మార్కును ఈ పుట తిరిగి తెచ్చివ్వలేదు. పుట్టుక సంగీతం కాదంటున్నారు, మరి తుపాకి మోత సంగీతమా? ఆ రోజు నిజంగా సంగీతం జరిగింది. భార్య యోకో ఓనో పాట 'వాకింగ్ ఆన్ థిన్ ఐస్' కోసం లెనన్ రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో పని చేసి, ఇంటికి తిరిగి వస్తూ డకోటా భవనం వాకిట్లో కాల్పులకు గురయ్యారు. ఆ పాట ఊసే ఈ పుటలో లేదు గాని హంతకుడి పేరు మూడుసార్లు ఉంది, నేను లెక్కపెట్టాను. షినేడ్‌కు దక్కిన నాలుగు మాటలూ టీవీలో పోప్ ఫొటో చించిన గొడవకే సరిపోయాయి, ఆ గొంతు గురించి ఒక్క ముక్క లేదు. పుట్టినరోజులు పైకి రావాలని నేను ఊరికే అడగలేదు.

నాలుగోతీగ:
ఆ సంగతి మొదటే అనవలసింది. హంతకుడి పేరు లేకుండా హత్యను రాస్తే దాన్ని చరిత్ర అనరు, మొహమాటం అంటారు. నెల రోజులు కూర్చుని తేదీలు సరిచూసుకుని రాసినవాడిని, వచ్చి పేర్లు లెక్కపెట్టేవారికి జవాబు చెప్పుకోవాలా?

సన్నజాజి:
కీర్తి కోసమే ఆ పని చేశానని పెరోల్ విచారణల్లో అతడే ఒప్పుకున్నాడు. అతడు కోరుకున్నది మన పుట మీద మనమే ఏటేటా ముట్టజెబుతున్నామన్నది నా బాధ. మీ శ్రమను నేను తక్కువ చేయలేదు.

పాతరికార్డు:
అప్పుడు నేను బడిపిల్లవాడిని. 9వ తేదీ ఉదయం ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది వెతుక్కుంటూ ఉండగా రేడియోలో ఆ వార్త చెప్పారు. ఆ రోజు బడికి వెళ్లలేదు. నా వరకు ఆయన పోయింది 9నే, క్విజ్ సంగతి తరువాతి మాట. హంతకుడి పేరు తీసేయండి, నాకు అభ్యంతరం లేదు. 9 మాత్రం ఉండాలి.

నాలుగోతీగ:
పేరు ఒక్కచోట ఉంటుంది, అంతకు మించి తగ్గించను. స్టూడియో సంగతి చేరుస్తాను, షినేడ్ పంక్తి మళ్లీ రాస్తాను. 9 కుదరదు.

పాతరికార్డు:
కనీసం అధోసూచికలోనైనా వేయండి.

మితభాషి:
డైమ్‌బ్యాగ్ డారెల్ ఇంకా ముసాయిదాలోకి రాలేదు.