కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఊరివాళ్లకి దగ్గరవ్వాలంటే ఏం చేయాలి? మీ ఊళ్లో చూసింది చెప్పండి

ప్రశ్న

నమస్కారం అండి. అమెరికాలో ఒక చిన్న కాలేజీ అథ్లెటిక్స్ ఆఫీసులో పని చేస్తున్నాను. మాది అమెరికన్ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట), కాలేజీ ఆటల్లో డివిజన్ త్రీ స్థాయి. అంటే ఆటకని స్కాలర్‌షిప్ ఉండదు. మా కుర్రాళ్లు ల్యాబులూ పరీక్షలూ చూసుకుంటూ, ఇష్టం కొద్దీ ఆడతారు. టీవీలో కనిపించే పెద్ద స్టేడియాల లాంటిది కాదు మాది. స్టాండ్స్‌లో ఎక్కువగా ఆటగాళ్ల అమ్మానాన్నలే ఉంటారు. కంచె అవతలి వీధిలో ఉండేవాళ్లు కూడా రారు.

మొన్న కోచ్ పిలిచి, ఊరివాళ్లకి దగ్గరవ్వాలి, ఏం చేద్దామో రాసుకుని రమ్మన్నారు. రాద్దామని కూర్చుంటే పోయిన ఏడాది సంగతి ఒకటి అడ్డొస్తోంది.

అప్పుడు దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూలుకి ఆటగాళ్లని తీసుకెళ్లి పిల్లలకి కథలు చదివించాం. మా లైన్‌మన్ (ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునే ఆటగాడు) ఒకతను 130 కిలోలు ఉంటాడు. కిండర్‌గార్టెన్ కుర్చీలో పట్టక నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఒక పాప వచ్చి అతని భుజం పట్టుకుని నిలబడి కథంతా వింది. అతను పేజీ తిప్పబోతే, బొమ్మ ఇంకా చూడలేదని చేత్తో పేజీ నొక్కి పట్టుకుంది. ఫోటోలు బాగా వచ్చాయి, కాలేజీ పేజీలో పెట్టాం. మూడు వారాల తర్వాత వేరే పని మీద వెళ్తే, ఆ పాప నా జాకెట్ మీద లోగో గుర్తుపట్టి, ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను. ఆ ఏడాది మళ్లీ వెళ్లనే లేదు. ఆ కార్యక్రమం పెట్టింది నేనే, తర్వాత పట్టించుకోనిదీ నేనే.

ఈసారి అలా జరగకూడదు. మీ ఊళ్లో టీమ్ చేసిన ఏ పని నిలబడింది? ఇంకో మాట, మన తెలుగువాళ్లు ఆటకి ఎందుకు రారు?

జవాబు 1 (అయోవా సిటీ నుంచి)

అక్కా, మా బాబు నాలుగేళ్లప్పుడు ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు. ఆ భవనం 2017లో తెరిచారు, యూనివర్సిటీ వాళ్ల కిన్నిక్ స్టేడియం పక్కనే. పై అంతస్తు కిటికీల దగ్గర నిలబడితే మైదానం మొత్తం కనిపిస్తుంది. ఫస్ట్ క్వార్టర్ (ఆటలో మొదటి పావు భాగం) అయిపోగానే అందరం ఆ పిల్లల వైపు తిరిగి చెయ్యి ఊపితే ఎలా ఉంటుందని ఆ ఏడాది ఒక అభిమాని ఫేస్‌బుక్‌లో అడిగింది. అలా మొదలైంది. స్టేడియంలో దాదాపు 70 వేల మంది పడతారు. అంతమందీ లేచి చెయ్యి ఊపుతారు. ఎదుటి టీమ్ వాళ్లు, రెఫరీలు కూడా ఊపుతారు.

మా వాడి కుడిచేతికి ఐవీ ఉండేది. ఎడమచెయ్యి అద్దానికి ఆనించి ఊపేవాడు. ఊపిరికి అద్దం మసకబారితే చొక్కా చేత్తో తుడిచి మళ్లీ చూసేవాడు. బుధవారం నుంచే శనివారం ఎప్పుడని అడిగేవాడు, ఎందుకంటే హోమ్ గేమ్ ఉంటే వాళ్లు తప్పకుండా ఊపుతారని వాడికి తెలుసు. మీరు చెప్పిన స్కూలు పాపకి లేకుండా పోయింది ఆ నమ్మకమే అనిపిస్తుంది నాకు. ఇక్కడ 2009 నుంచి కిడ్ కెప్టెన్ అని, ఆసుపత్రిలో వైద్యం పొందిన పిల్లల్ని గేములకి పిలిచి గౌరవించడం కూడా ఉంది. అదీ ఆపలేదు.

జవాబు 2

అమ్మా, నేను ఇంకో కాలేజీ ఊళ్లో, స్టేడియానికి రెండు వీధుల అవతల ఉంటాను. గేమ్ ఉందంటే మా ఇంటి ముందు కార్లు, పొద్దున లేస్తే గడ్డిలో డబ్బాలు. ఏళ్ల తరబడి అంతే. ఒకసారి కోచ్, నలుగురు కుర్రాళ్లు తలుపు కొట్టి, మీకు ఏం ఇబ్బందిగా ఉందని అడిగారు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున సంచులు పట్టుకుని వచ్చి వీధి శుభ్రం చేస్తున్నారు. మా ఆవిడ ఆ పిల్లలందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. ఏం చేయాలో మీరు ఆఫీసులో కూర్చుని రాసే ముందు ఆ వీధివాళ్లని అడగండి.

మనవాళ్లు రాకపోవడానికి కారణం ఆట అర్థం కాకపోవడమే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి. ఇది తెలిస్తే సగం ఆట తెలిసినట్టే. గేముకి ముందు ఒక పావుగంట మైదానంలోనే నిలబెట్టి చూపించండి.

జవాబు 3

ఒక్క విషయం తప్పకుండా రాసుకోండి. విలనోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి అప్పట్లో కోచ్‌గా ఉన్న ఆండీ ట్యాలీ 1992 నుంచి క్యాంపస్‌లో బోన్ మ్యారో (ఎముక మజ్జ) దాతల్ని నమోదు చేయించడం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో కాలేజీ టీములు అందుకున్నాయి. ఆటగాళ్లే టేబుల్ వేసుక్కూర్చుని తోటి విద్యార్థుల్ని పిలుస్తారు. నమోదుకి చెంప లోపల స్వాబ్‌ (దూది పుల్ల)తో రుద్ది ఇవ్వడమే, సూది లేదు. ఆ టీమ్‌లోనే మ్యాట్ సీజర్ అనే కుర్రాడికి మ్యాచ్ కుదిరి (అంటే అతని కణాలు ఒక రోగికి సరిపోయి), 2010లో ఉక్రెయిన్‌లో లుకేమియాతో ఉన్న పసిపాపకి మూలకణాలు ఇచ్చాడు.

ఇది నేను ఎందుకు పట్టుబట్టి చెప్తున్నానంటే, మ్యాచ్ ఎక్కువగా ఒకే మూలాలున్నవాళ్లలో కుదురుతుంది. రిజిస్ట్రీలో మన దక్షిణాసియా వాళ్లు తక్కువ. మా దగ్గరి బంధువుకి అవసరమైనప్పుడు ఎదురుచూడటం ఎంత టెన్షనో చూశాను. మీ కుర్రాళ్లు పిలిస్తే మన స్టూడెంట్స్ కూడా వస్తారు. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లు చేరొచ్చు.

ప్రశ్న అడిగినామె

అందరికీ థాంక్స్ అండి. బాబాయ్ గారూ, మీ మాట చదివి నిన్న సాయంత్రం కంచె అవతలి వీధికి వెళ్లాను. ఆరు తలుపులు కొట్టాను. ముగ్గురు చెప్పింది ఒకటే: ప్రాక్టీస్ అయిపోయాక కూడా ఫ్లడ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయట, పిల్లలు పడుకోలేకపోతున్నారట. మా ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇవాళ కోచ్‌కి చెప్తే, రేపటి నుంచి ప్రాక్టీస్ అవగానే ఆర్పించేస్తానన్నారు.

లైన్‌మన్‌ని కూడా అడిగాను. ఆ పాప గుర్తుందట. మంగళవారం ల్యాబ్ ఉంది, నెలకో గురువారం వస్తానన్నాడు. సోమవారం స్కూలుకి ఫోన్ చేస్తాను. స్వాబ్ కిట్ల కోసం ఎవరితో మాట్లాడాలో జవాబు 3 వారు కాస్త మెసేజ్ పెడతారా?