మత్తుమందుల మీద నిషేధం ఎత్తేయాలా? ఎత్తేస్తే దేనిమీద, ఎంతవరకు?

సూటిమాట:
ఈ చర్చ ఎప్పుడొచ్చినా మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోతాయి. వాడేవాడి జేబులో దొరికిన కొద్దిపాటి సరుకుకు జైలు వద్దనడం ఒకటి. డాక్టరు పర్యవేక్షణలో మందు ఇవ్వడం ఇంకొకటి. షాపులో అమ్మనివ్వడం మూడోది. మొదటిది అన్నిటికీ వర్తించాలి, రెండోది హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు (నల్లమందు తరహా మందులకు), మూడోది ఒక్క గంజాయికి, అదీ ప్రకటనలు లేకుండా. ఇదీ నా వాదన. కాదనేవాళ్లు ఈ మూడింట్లో దేన్ని కాదంటున్నారో ముందు చెప్పండి.

గట్టు:
నేను మొదటిదాన్నే కాదంటున్నాను. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2020 నవంబరులో, కొద్దిపాటి మత్తుమందు దగ్గరుంచుకోవడం నేరం కాదనే మెజర్ 110 ప్రతిపాదనకు ఓటేసింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి కొద్ది పరిమాణంలో ఏ డ్రగ్ దొరికినా 100 డాలర్ల జరిమానా చీటీ, అంతే. హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే అదీ మాఫీ. చీటీ అందుకున్నవాళ్లలో ఫోన్ చేసినవాళ్లు బహు తక్కువ. జరిమానా కట్టకపోయినా అడిగే దిక్కు లేదు. చికిత్స కేంద్రాలకు రావలసిన గ్రాంట్లు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. చివరికి 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ నేరం చేశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2023 జనవరి 31 నుంచి 2.5 గ్రాముల దాకా మినహాయింపు ఇచ్చారు, 2024 మేలో బహిరంగ స్థలాలకు దాన్ని తీసేశారు. రెండు చోట్లా జనం విసిగింది వీధుల్లో బాహాటంగా వాడటం చూసే. ఆ విసుగును ఛాందసం అని కొట్టిపారేయకండి.

చట్టపుస్తకం:
గట్టు గారు చెప్పిన వివరాలతో పేచీ లేదు. కానీ ఆ వైఫల్యం నేరముద్ర తీసేసినందుకు వచ్చిందా, తీసేసిన పద్ధతి వల్ల వచ్చిందా? పోర్చుగల్ చట్టం 30/2000 అమల్లోకి వచ్చింది 2001 జులై 1న. అక్కడ పోలీసు చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోడు. సరుకు స్వాధీనం చేసుకుని, మనిషిని ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతాడు. ఒకరు న్యాయం చదివినవారు, మిగతా ఇద్దరు వైద్యం, మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ లాంటి రంగాలవాళ్లు. వ్యసనంలో లేనివాడు మొదటిసారి వస్తే కేసు నిలిపేస్తారు. వ్యసనంలో ఉన్నవాడికి జరిమానా వేయకూడదని చట్టమే చెబుతుంది, ఎందుకంటే ఆ డబ్బు కోసం అతను మళ్లీ అదే వీధికి వెళ్తాడు. చికిత్సకు ఒప్పుకుంటే అక్కడికక్కడే దారి చూపిస్తారు. ఓరెగాన్‌లో ఆ ముగ్గురి స్థానంలో ఒక ఫోన్ నంబరు ఉంది.

ఇంకో చిక్కు పరిమాణం. పోర్చుగల్లో పరిమితి పది రోజుల వాడకానికి సరిపడేంత: గంజాయి 25 గ్రాములు, హెరాయిన్ 1 గ్రాము, కొకైన్ 2 గ్రాములు. మెక్సికో 2009లో హెరాయిన్‌కు 50 మిల్లీగ్రాములు, కొకైన్‌కు అర గ్రాము, మెథాంఫెటమైన్‌ అనే ఉత్తేజకానికి 40 మిల్లీగ్రాములు పెట్టింది. వీధిలో దొరికే ఒక్క పొట్లమే ఆ గీత దాటేస్తుంది. అంటే వాడేవాణ్ని కాపాడాల్సిన చట్టమే అతన్ని అమ్మేవాడి లెక్కలో వేస్తుంది. పైగా తూచేది మొత్తం పొడినా, అందులోని అసలు మందునా అన్నది చట్టంలో రాయకపోతే, కల్తీ ఎక్కువైన కొద్దీ శిక్ష పెరుగుతుంది. పోర్చుగల్ కూడా ఇక్కడ తడబడింది: పది రోజుల పరిమితి దాటితే నేరమేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పరిమాణం ఒక సూచన మాత్రమే అని 2023లో చట్టం మార్చాకగానీ అది సర్దుకోలేదు.

మోతాదు:
నిషేధం వల్ల సరుకు స్వభావం మారుతుందన్న సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. దాచి రవాణా చేయాలంటే తక్కువ బరువులో ఎక్కువ మత్తు కావాలి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్య నిషేధం ఉన్నప్పుడు బీరు తగ్గి ఘాటు సారాయిలు పెరిగాయి. ఇప్పుడు హెరాయిన్ చోటును ఫెంటానిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్ ఆక్రమించింది, దాని శక్తి సుమారు 50 రెట్లు. ఆస్పత్రిలో దాన్ని మైక్రోగ్రాముల్లో ఇస్తారు. చేత్తో కలిపిన పొడిలో అది సమంగా కలవదు. ఒకే పొట్లంలో ఒక మూల ఏమీ ఉండదు, ఇంకో మూల ప్రాణం తీసేంత ఉంటుంది.

ఓవర్‌డోస్‌లో ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు నాలాక్సోన్. ముక్కులో కొట్టే స్ప్రే సాధారణంగా 4 మిల్లీగ్రాములది. ఒకటి కొట్టి, నోటితో ఊపిరి అందిస్తూ రెండు మూడు నిమిషాలు చూసి, తెలివి రాకపోతే రెండోది కొట్టాలి. అది పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లోని మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటే మనిషి మళ్లీ కుప్పకూలవచ్చు, కాబట్టి లేచి కూర్చున్నాడని వదిలేయకూడదు. సరుకులో జైలజీన్ (పశువులకు ఇచ్చే మత్తుమందు) కలిసి ఉంటే దాని మత్తును నాలాక్సోన్ దించలేదు, అయినా ఇవ్వాల్సిందే, ఊపిరి ఆపుతున్నది ఓపియాయిడే కాబట్టి. ఇదంతా ఇంకొకరు పక్కన ఉంటేనే సాధ్యం. అరెస్టు భయం మనిషిని తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా వాడేలా చేస్తుంది. జైలు నుంచి వచ్చిన మొదటి రెండు వారాలు మరీ గండం: ఒంటికి అలవాటు తప్పి ఉంటుంది, చేతికి మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. గట్టు గారూ, ఈ మరణాలను కూడా నిషేధం ఖాతాలోనే రాయాలి.

గట్టు:
రాస్తాను. చట్టబద్ధమైన అమ్మకం ఖాతాలో ఏం రాయాలో కూడా చూడండి. 1996లో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది లైసెన్సుతో, ప్రిస్క్రిప్షన్ మీద. వ్యసనం ముప్పు తక్కువని డాక్టర్లను నమ్మించారు. 2007లో ఆ తయారీ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది. అమెరికాలో ఓపియాయిడ్ విపత్తు మొదలైంది అక్కడే, వీధిలో కాదు. స్విట్జర్లాండ్ 1994 నుంచి హెరాయిన్‌ను చికిత్సగా ఇస్తోంది, 2008 రెఫరెండంలో 68 శాతం దానికి ఒప్పుకున్నారు. దాన్ని నేనూ సమర్థిస్తాను. అక్కడ క్లినిక్కులో నర్సు కళ్లముందు రోజుకు రెండు మూడుసార్లు ఇస్తారు. అది నియంత్రణకు పరాకాష్ఠ. దాన్ని చూపించి షాపులకు అనుమతి అడగొద్దు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో సమగ్ర చట్టం సిద్ధం కాకముందే గంజాయిని మత్తుమందుల జాబితాలోంచి తీసేసింది. షాపులు వేలల్లో వెలిశాయి. 2025 జూన్‌లో మళ్లీ ప్రిస్క్రిప్షన్ పెట్టాల్సి వచ్చింది.

లెక్కలపద్దు:
గంజాయి విషయంలో గెలుపోటములు ఎక్కువగా పన్ను రాసే వాక్యంలో తేలతాయి. కెనడా 2018 అక్టోబరు 17న అమ్మకం చట్టబద్ధం చేసినప్పుడు ఎండు గంజాయి మీద గ్రాముకు 1 డాలరు లేదా 10 శాతం, ఏది ఎక్కువైతే అది అంది. తర్వాత టోకు ధర పడిపోయింది, డాలరు మాత్రం అలాగే ఉంది. 10 శాతం అనుకున్న పన్ను దానికి ఎన్నో రెట్లయి, లైసెన్సున్న చిన్న సాగుదారులు బాకీల్లో కూరుకుపోయారు. కాలిఫోర్నియా బరువు మీద వేసిన సాగు పన్నును 2022 జులైలో రద్దు చేసింది, దొంగ మార్కెట్‌తో పోటీ పడలేక.

బరువు మీద పన్నుకు ఇంకో లోపం ఉంది. ఘాటైనదానికీ తేలికదానికీ పన్ను ఒకటే కాబట్టి ఘాటైనదే లాభం. మోతాదు గారు నిషేధం గురించి చెప్పిన ధోరణే చట్టబద్ధ షాపులోకీ వచ్చేస్తుంది. న్యూయార్క్ టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) మిల్లీగ్రాముల మీద పన్ను వేసింది. ఆలోచన మంచిదే, అమలు చిక్కుల్లో పడి 2024లో టోకు ధర మీద 9 శాతానికి మారింది.

తినే గంజాయిని విడిగా చూడాలి. మత్తు తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని రెండో ముక్క తింటారు, రెండూ కలిసి ఒక్కసారే ఎక్కుతాయి. కొలరాడోలో ఒక ముక్కకు 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్టుకు 100. కెనడాలో ప్యాకెట్టు మొత్తానికే 10. పసిపిల్లల చేతికి ప్యాకెట్టు చిక్కినప్పుడు ఈ తేడాయే ప్రాణం నిలబెట్టవచ్చు. నా ఓటు కెనడా లెక్కకే.

చట్టపుస్తకం:
అంతర్జాతీయ ఒప్పందాలను మరిచిపోవద్దు. మత్తుమందులపై ఐక్యరాజ్యసమితి 1961, 1971, 1988 ఒప్పందాలు వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప అమ్మకాన్ని ఒప్పుకోవు. ఉరుగ్వే, కెనడా ఆ గీత దాటే ఉన్నాయి. ఉరుగ్వేలో ఫార్మసీలు 2017లో నెలకు 40 గ్రాముల దాకా అమ్మడం మొదలుపెట్టగానే, అమెరికా చట్టాలకు భయపడిన బ్యాంకులు వాటి ఖాతాలు మూసేస్తామన్నాయి. బొలీవియా, అక్కడివాళ్లు సంప్రదాయంగా నమిలే కోకా ఆకు కోసం 1961 ఒప్పందం నుంచి బయటికి వచ్చి, 2013లో మినహాయింపుతో తిరిగి చేరింది. చట్టం తప్పకుండా నడవాలంటే ఆ దారి ఉంది.

సూటిమాట:
నా మూడు అంచెల్లో ఒక ఖాళీ ఉంది. మెథాంఫెటమైన్ వ్యసనానికి, హెరాయిన్ బదులు డాక్టర్లు ఇచ్చే మెథడోన్ లాంటి ప్రత్యామ్నాయ మందు ఏదీ ఆమోదం పొందలేదు. మూత్ర పరీక్షలో మందు కనబడని ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి ఇప్పటికి ఎక్కువ ఫలితం చూపింది. దానికి వారానికి రెండుసార్లు పరీక్ష, అక్కడికక్కడే ఫలితం, మనుషులు, బడ్జెట్ కావాలి. గట్టు గారూ, ఇవి ఏర్పాటయ్యాక కూడా జేబులో దొరికినదానికి జైలే అంటారా?

గట్టు:
ఏర్పాటయ్యాక అయితే అనను. కానీ వరస ముఖ్యం. కమిషన్ సభ్యుల నియామకం పూర్తి కావాలి, మెథడోన్ కోసం వచ్చినవాడికి అదే వారంలో మొదటి మోతాదు అందాలి, నాలాక్సోన్ ప్రతి గస్తీ వాహనంలో ఉండాలి. ఆ తర్వాతే పాత సెక్షన్ రద్దయ్యే తేదీ గెజెట్‌లో వేయాలి. బహిరంగంగా వాడితే మాత్రం పోలీసు జోక్యం ఉండాల్సిందే. ఈ షరతు మీద నేను తగ్గను.