చెరువు నిండుగా ఉంది, పక్షులు మాత్రం తగ్గాయి. మీ ఊళ్లలో ఎలా ఉంది?

గుట్టకింది ఊరు (నల్లగొండ జిల్లా):
మా చెరువు చిన్నది. కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల నడక. ఒక పక్క రాతిగుట్ట, మిగిలిన మూడు పక్కలా పొలాలు. నా చిన్నతనంలో రెండు మూడేళ్లకొకసారే అలుగు పోసేది. సంక్రాంతి వచ్చేసరికి నీరు వెనక్కి జరిగి, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, మెత్తటి బురద బయటపడేది. ఆ బురద నిండా ఉల్లంకి పిట్టలు, గుల్లకొంగలు. తల వెనుక రెండు నల్లటి పట్టీలున్న పట్టితల బాతులు కూడా కొన్నేళ్లు వచ్చాయి, మధ్యాహ్నం గట్టు మీద పచ్చిక మేసేవి. ఇప్పుడు కాలువ నీళ్లు వస్తున్నాయి, వేసవిలోనూ చెరువు నిండుగానే ఉంటోంది. ఈ జనవరిలో మూడు రోజులు తెల్లవారుజామునే వెళ్లి కూర్చున్నాను. నీటికాకులు, నామాలకోళ్లు తప్ప చెప్పుకోదగ్గవేవీ కనిపించలేదు. నీళ్లు పెరిగితే పక్షులూ పెరగాలి కదా?

తుంగగడ్డి:
మీ ప్రశ్నకు జవాబు పక్షుల కాళ్లలో ఉంది. గుల్లకొంగ ఈదలేదు, మునగలేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కుతో బురదలో నత్తలను వెతికి పట్టుకుంటుంది. దాని రెండు దవడల మధ్య సందు ఉంటుంది, చూశారా? జారిపోయే నత్తను పట్టుకోవడానికి ఆ ముక్కు సరిగ్గా పనికొస్తుంది. ఉల్లంకి పిట్టకైతే మడమ లోతు తడి చాలు. నీళ్లు కట్టకు ఆనుకుని నిలిస్తే ఈ రెండింటికీ కాలు పెట్టే చోటే ఉండదు. నీటికాకి మునిగి చేపను పట్టగలదు కాబట్టి దానికి లోటు లేదు. మీరు చూసినవి సరిగ్గా అవే. చెరువులో ప్రాణం ఎక్కువగా ఉండేది నడుమ కాదు, అంచున.

బోరుబావి:
ఈ మాటలు చదువుతుంటే నాకు బాధగా ఉంది. మాదీ నల్లగొండే. మన నేల కింద ఉన్న రాతి నుంచే ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. మా నాయనమ్మ నడుము వంగిపోయి, చివరి పదేళ్లు తలెత్తి ఆకాశం చూడలేకపోయింది. ఆమె తాగింది బోరు నీళ్లే. చెరువులోకి కృష్ణా నీళ్లు వచ్చిన రోజు మా ఊరంతా కట్ట మీదికి వెళ్లి కొబ్బరికాయలు కొట్టింది. పక్షుల కోసం ఆ నీళ్లు తగ్గించమని ఎవరూ అడగకూడదు.

గుట్టకింది ఊరు:
అన్నా, తగ్గించమని నేను అననే లేదు. మా ఇంట్లోనూ ఆ నొప్పులు ఉన్నాయి. నీళ్లూ ఉండాలి, పిట్టలూ ఉండాలి. దారి ఉందేమోనని అడుగుతున్నాను.

వలవాడు (పాలమూరు):
మేం చేపలు పట్టే వాళ్లం. పూడిక తీసినప్పుడు మా చెరువులో జరిగింది చెబుతాను. మట్టి పొలాలకు మంచిదని ట్రాక్టర్లు అంచు నుంచే తోడుకుంటూ పోయాయి. వాలుగా ఉన్న ఒడ్డు గోడలా తయారైంది. గడ్డి మొలిచే చోటు పోయింది. కొర్రమీను గుడ్లు పెట్టేది ఆ గడ్డిలోనే. వానాకాలంలో చూడండి, నీటి పైన అరచేయంత ఎర్రటి మచ్చ మెల్లగా కదులుతుంటుంది. దగ్గరికి వెళితే అది మచ్చ కాదు, వందల పిల్లలు గుంపుగా ఒక్కసారి పైకి వచ్చి గాలి పీల్చి కిందికి పోతుంటాయి. వాటి కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. చేయి పెడితే మీదికి వస్తుంది. మా నాన్న ఆ మచ్చ కనిపించిన చోట వల వేయనిచ్చేవాడు కాదు. కొర్రమీను మన రాష్ట్ర చేప అంటున్నాం, దానికి గడ్డి మిగల్చడం లేదు. పూడిక తీయొద్దనడం లేదు. కట్ట వైపు లోతుగా తీసి, శిఖం వైపు వాలు అలాగే వదిలితే చాలు.

సైఫను దగ్గర ఇల్లు (వనపర్తి):
మా సరళాసాగర్‌లో నీరు జలాశయం నిండుమట్టానికి చేరితే, అదనపు నీళ్లను బయటికి పంపే సైఫన్లు మనిషి చేయి తగలకుండా వాటంతట అవే తెరుచుకుంటాయి. 2019 డిసెంబరు 31న కట్ట తెగి, నీళ్లన్నీ పోయాయి. కట్ట తెగితే ఎలా ఉంటుందో చూశాక, నిండిన చెరువంటే భయమూ గౌరవమూ రెండూ కలుగుతాయి.

తుంగగడ్డి:
వలవాడు గారు చెప్పింది బంగారం లాంటి మాట. ఇంకొకటి కూడా గమనించండి. కాలువ నీళ్లు ఒక్కసారిగా వదిలితే తీతువు గుడ్లు మునిగిపోతాయి, అది నేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. బుడబుంగ గూడు మాత్రం నీటి మీద తేలే నాచుకుప్ప, కాబట్టి మట్టం మెల్లగా పెరిగితే గూడూ లేస్తుంది. గూడు వదిలి వెళ్లేటప్పుడు అది నాచును ముక్కుతో లాగి గుడ్ల మీద కప్పుతుంది. ఆ పని చూడాలంటే అరగంట కదలకుండా కూర్చోవాలి. కెమెరాతో తెప్పల మీద దగ్గరికి వెళ్లేవారు దయచేసి ఆగండి.

బోరుబావి:
శిఖం వైపు వాలు వదలడానికి ఖర్చేమీ లేదు. మా పొలం శిఖానికి ఆనుకునే ఉంది. ఈ ఎండాకాలం పూడిక మాట వస్తే నేనే ఊళ్లో అడుగుతాను. నీళ్లలో నిలబడ్డ నల్లతుమ్మలు కూడా కొట్టనివ్వను, సాయంత్రం తెల్లకొంగలు వాటి మీదే వాలతాయి. సర్కారు తుమ్మ తీసేస్తే ఎవరికీ నష్టం లేదు.

గుట్టకింది ఊరు:
నిన్న పొద్దున్న మళ్లీ వెళ్లాను. గుట్ట వైపు వాగు వచ్చి కలిసే మూలన, ఎవరూ మట్టి తీయని చోట, జానెడు లోతు నీళ్లు ఉన్నాయి. అక్కడ మూడు గుల్లకొంగలు నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల దగ్గర ఖాళీ నత్తగుల్లలు. ఆ మూలను కొలిచి, ఊళ్లో చూపించడానికి కాగితం మీద గీశాను.