సమస్యాపూరణం: నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది పాదం.

నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

అయిదూ సూర్యగణాలే (నేల, బడిన, వాఁడె, నెగ్గు, నేఁడు). కాబట్టి రెండో పాదంగానూ నాలుగో పాదంగానూ ఇముడుతుంది. యతి నే–నె. విషయం హెవీవెయిట్ బాక్సింగ్. పట్టమేలుతున్నవాడూ, అతనికి సమవుజ్జీ అయిన మరో ఛాంపియనో మాజీ ఛాంపియనో తలపడిన నిజమైన పందెం ఒకటి తీసుకోండి. దానికి ముందురోజు చెప్పిన జోస్యంలా పూరణ ఉండాలి. ఎవరు గెలుస్తారో చెబితే సరిపోదు. వయసో, కాళ్ళో, ఊపిరో, చేతివాటమో, నిబంధనో, ముందురోజుకే కంటికి ఆనిన ఒక ఆనవాలు పద్యంలో కనబడాలి. ఛందస్సుతో పాటు జోస్యాన్నీ తూకం వేస్తాం.

తొలికోడి:
జాషువా–క్లిచ్కో, వెంబ్లీ, 2017 ఏప్రిల్ 29. క్లిచ్కోకి నలభై ఒక్కేళ్ళు.

నలువదొక్క యేండ్ల నాణెమౌ నేర్పుతోఁ
గూల్చు నొక్కమాఱు కుడిపిడికిలి
ఊపిరున్న వయసె యుదుటున లేచును
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

యతిమైత్రి:
గణాలు కుదిరాయి. రెండో పాదంలో గూ–కు యతి సరళ పరుషాలకు చెల్లేదే. "ఉదుటున లేచు" అన్న పలుకుబడి పద్యానికి ప్రాణం పోసింది.

పిడికిలి:
పద్యం బాగుంది, జోస్యం ఫలితమూ సరే. కారణం దగ్గరే నాకు అభ్యంతరం. ముందురోజుకి జాషువా ఆడిన 18 పందేలూ నాకౌట్లే, ఏడో రౌండు దాటి ఒక్కటీ వెళ్ళలేదు. అంటే అతని విషయంలో అందరికీ ఉన్న అనుమానమే ఊపిరి. పన్నెండు రౌండ్లు ఆడడం క్లిచ్కోకి కొట్టినపిండి. దానికితోడు జాషువా 250 పౌండ్లు తూగాడు, క్లిచ్కో దాదాపు 240. అంత కండకి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. జరిగిందీ అలాగే. అయిదో రౌండులో క్లిచ్కోని పడగొట్టడానికి ఉన్న సత్తువంతా ఖర్చుపెట్టి, ఆ రౌండు చివరికే జాషువా రొప్పుతున్నాడు. ఆరో రౌండులో క్లిచ్కో కుడిచేతి దెబ్బకి జాషువా పడ్డాడు. ఆ తర్వాత రెండు మూడు రౌండ్లు కాళ్ళు ఈడ్చుకుంటూ గడిపాడు. అప్పుడు క్లిచ్కో మీదపడి ముగించకుండా ముందుచేతి సూటి గుద్దయిన జాబ్‌తో దూరం కాచుకున్నాడు. పందెం అక్కడ చేజారింది. పదకొండులో జాషువా కింది నుంచి పైకి విసిరిన అప్పర్‌కట్ తగిలాక క్లిచ్కో రెండుసార్లు పడ్డాడు, రిఫరీ ఆపేశాడు. ఊపిరి ముందే ఉండి గెలవలేదు, మధ్యలో పోయిన ఊపిరి తిరిగి కూడదీసుకుని గెలిచాడు.

ఇంకొకటి. ఆ పందెంలో ఇద్దరూ పడ్డారు. "పడినవాఁడె" అన్నప్పుడు ఎవరన్నా కావచ్చు. ఏది జరిగినా నిజమయ్యే మాటని జోస్యమనలేం.

తొలికోడి:
రెండో పాదంలో కూల్చేది నలభై ఒక్కేళ్ళవాడని ఉంది కదండీ. కాబట్టి పడేది రెండోవాడే అని తేలుతుంది. ఊపిరి గురించి మీరన్నది ఒప్పుకుంటాను.

చలువపందిరి:
అలీ–ఫ్రేజియర్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, 1971 మార్చి 8. ఇద్దరికీ అప్పటిదాకా ఓటమి లేదు, ఇద్దరూ పట్టం తమదే అనేవారు. అలీ పట్టాన్ని అంతకుముందే లాగేసుకున్నారు కదా, "పడిన" అన్నదాన్ని అలా పదవి నుంచి పడడంగా తీసుకున్నాను.

పట్టమూడఁ బెఱికి పడవేసిరే గాని
చుఱుకు కాళ్ళకింత సుస్తి లేదు
ఎడమ చేయి చాచి యెదుటివానిని నిల్పు
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

యతిమైత్రి:
ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో ధార దీనిదే మేలు. చు–సు యతి కొత్తవారికి సందేహం కలిగిస్తుంది. చవర్గుతో శ, ష, సలకు మైత్రి ఉంది, అచ్చు ఉకారమే కాబట్టి సరి. "పట్టమూడఁ బెఱికి పడవేసిరే గాని" పాదం నోట్లో నిలిచిపోతుంది.

పిడికిలి:
పద్యం గెలిచింది, జోస్యం ఓడింది. ఏ పాదంలో ఓడిందో చూద్దాం. రెండో పాదం: 1967 మార్చిలో ఫోలీతో ఆడాక 1970 అక్టోబరులో క్వారీతో ఆడేదాకా 43 నెలల విరామం. డిసెంబరులో బొనవేనా మీద గెలవడానికి పదిహేనో రౌండు దాకా వెళ్ళాల్సివచ్చింది. పాత రోజుల్లో రౌండంతా తేలిపోతూ తిరిగే కాళ్ళు ఇప్పుడు తాళ్ళ దగ్గర ఆగుతున్నాయని ఆ పందెం చూసినవారికి తెలిసిందే. "సుస్తి లేదు" అన్నమాట ముందురోజుకే చెల్లదు.

మూడో పాదం: అలీ ఆరడుగుల మూడంగుళాలు, ఫ్రేజియర్ ఆరడుగులకి అరంగుళం తక్కువ. చాచిన చెయ్యి పొట్టివాణ్ణి ఆపుతుందన్న లెక్క పైకి బాగానే ఉంటుంది. ఫ్రేజియర్ తల నిలువుగా ఉంచి రాడు. నడుము వంచి, తల అటూ ఇటూ ఊపుతూ జాబ్ కింది నుంచి దూరతాడు. అలాంటివాడికి అలీ కుడి అప్పర్‌కట్ వెయ్యాలి. వెయ్యాలంటే కుడిచెయ్యి కిందికి దించాలి, అప్పుడు కుడి దవడకి కాపలా ఉండదు. ఫ్రేజియర్ శిబిరంలో శిక్షకుడు ఎడ్డీ ఫచ్ పట్టుకున్న లోపం ఇదే: అలీ కుడిచెయ్యి దిగగానే ఎడమ హుక్ (పక్కనుంచి వంచి కొట్టే గుద్దు) వెయ్యమన్నాడు. పదిహేనో రౌండులో అలీని వెల్లకిలా పడేసింది ఆ హుక్కే. వెంటనే లేచి పందెం పూర్తిచేశాడు గానీ, ముగ్గురు తీర్పరుల మాటా ఫ్రేజియర్‌కే.

చలువపందిరి:
అయితే నిజంగా నేలమీద పడినవాడు నెగ్గలేదు, పదవి నుంచి పడినవాడూ నెగ్గలేదు. పూరణగా ఉంచుతారా?

నిర్వాహకుడు:
ఉంచుతాం. అలీ గెలుస్తాడని ఆనాడు నమ్మినవారు తక్కువేం కాదు, జోస్యం తప్పడం దోషం కాదు. కారణం పద్యంలోనే ఉంది గనకే ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించగలిగాం.

ముంజేయి:
ఫ్యూరీ–వైల్డర్ మూడో పందెం, లాస్ వేగస్, 2021 అక్టోబరు 9.

రెండుమార్లు పడియు నాలుగో రౌండులో
మూఁడుసార్లు వాని ముంచి కూల్చు
బరువు మోపి మోపి బలమెల్ల నుడిగించి
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

యతిమైత్రి:
మొదటి పాదంలో యతిభంగం. రె–నా కి మైత్రి లేదు, ప్రాసయతి చూద్దామన్నా ండు–లు కలవవు. ఇలా సవరించవచ్చు:

రెండుమార్లు పడియు రింగునఁ దా లేచి

రె–రి చెల్లుతుంది. "తా" కొంచెం పూరకంగా వచ్చింది, కానీ "నాలుగో రౌండు" పోవడం నష్టం కాదు, ఎందుకో పిడికిలి గారు చెబుతారు.

పిడికిలి:
ఫ్యూరీ నాలుగో రౌండులో రెండుసార్లు పడ్డాడు, వైల్డర్ మూడు, పది, పదకొండు రౌండ్లలో ఒక్కోసారి పడ్డాడు. అంకెలన్నీ సరిపోయాయి, చిక్కు అక్కడే. ముందురోజు ఇన్ని అంకెలు చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. ఇది ఫలితం చూసి రాసిన పద్యం, ఈవారం షరతుకి విరుద్ధం.

మూడో పాదం మాత్రం అసలైన ఆనవాలు. ఫ్యూరీ 277 పౌండ్లు, వైల్డర్ 238. దగ్గరికి రాగానే ఫ్యూరీ ఎదుటివాడి మెడమీద ముంజేయి వేసి, తన బరువంతా అతని భుజాల మీదికి వదులుతాడు. విడిపించుకోవడానికి ఎదుటివాడు తొడలతో ఎత్తిపట్టాలి. నాలుగైదు రౌండ్లు గడిచేసరికి కాళ్ళు సీసంలా అవుతాయి, కాళ్ళు పోయాక కుడిచేతి దెబ్బలో జోరు ఉండదు. 2020 ఫిబ్రవరి పందెంలోనే ఇది కనబడింది కాబట్టి ముందురోజుకి న్యాయంగా చెప్పదగ్గ మాట. ఈ ఒక్క పాదం చుట్టూ పద్యం మళ్ళీ అల్లండి.

కంచుకాగడా:
సమస్యని రెండో పాదంలో పెట్టాను. ఫ్యూరీ–ఉసిక్, రియాద్, 2024 మే 18. నాలుగు సంస్థల పట్టాలకీ ఒక్కడే ఏలిక కావాల్సిన పందెం.

మొన్నఁ బడియు లేచె మొనగాఁడు గావున
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు
అనుట కల్ల, యెడమ హస్తంపుఁ బోటుతోఁ
దాళ్ళె దిక్కు లావు తనువునకును

యతిమైత్రి:
సమస్యని ఇతరుల మాటగా చెప్పించి, మూడో పాదంలో "అనుట కల్ల" అని కొట్టిపారెయ్యడం పాత ఎత్తుగడే. అయినా ఇక్కడ అతికినట్టు సరిపోయింది. ఫ్యూరీ వైల్డర్ చేతిలో పడి లేచాడు, 2023 అక్టోబరులో ఎన్గన్నూ చేతిలో మూడో రౌండులో పడి కూడా తీర్పు మీద బయటపడ్డాడు. "ఇతను పడితే లేస్తాడు, లేస్తే గెలుస్తాడు" అని అభిమానులు అనుకునే మాటే ఇది.

"హస్తంపు" మాత్రం అ–హ యతి కోసం వచ్చింది. మనం ఎడమచేతివాటం అంటాం. ఇలా చూడండి:

చెల్లదిట్టి మాట, చేతివాట మెడమ

చె–చే యతి, చివరి గణం "టమెడమ" నలము. మాటా సహజం, గణమూ సహజం.

పిడికిలి:
సవరణ చాలా బాగుంది. "లావు" కూడా మార్చాలి. ఆ పందేనికి ఫ్యూరీ 262 పౌండ్లకి తగ్గి వచ్చాడు. అతని అసలు బలం ఎత్తు: ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, రీచ్ (చాచిన చేతుల నిడివి) 85 అంగుళాలు. ఉసిక్ ఆరడుగుల మూడు, రీచ్ 78. "పొడుగు తనువునకును" అంటే గణం చెడదు, నిజమూ నిలుస్తుంది.

ఎడమచేతివాటం ఎందుకు ఆనవాలంటే, ఉసిక్ ముందడుగు కుడికాలు, ఫ్యూరీ ముందడుగు ఎడమకాలు. రెండూ ఎదురెదురుగా వస్తాయి. ఎవరి ముందుపాదం బయటి వైపుకి పడితే వాడి వెనకచేతికి దారి సూటిగా దొరుకుతుంది. ఉసిక్ ఆ బయటి అడుగు కోసం రౌండంతా తిరుగుతూనే ఉంటాడు. తొమ్మిదో రౌండులో ఎడమచెయ్యి గట్టిగా తగిలాక ఫ్యూరీ ఒక తాడు నుంచి ఇంకో తాడుకి తూలుతూ పోయాడు. తాళ్ళు పట్టబట్టి పూర్తిగా నేలకూలలేదు, రిఫరీ మాత్రం లెక్కపెట్టాడు. తాళ్ళే నిలబెడితే నియమం ప్రకారం అదీ నాక్‌డౌనే. "తాళ్ళె దిక్కు" అన్నమాట అక్షరాలా అదే.

తొలికోడి:
ఆ లెక్కింపు లేకపోతే ఫలితం ఏమయ్యేది?

పిడికిలి:
డ్రా. ముగ్గురు తీర్పరుల మార్కుల కార్డులు ఉసిక్‌కి 115–112, 114–113, ఫ్యూరీకి 114–113. ఆ నాక్‌డౌన్ వల్ల మూడింటిలోనూ ఫ్యూరీకి అదనంగా పోయినది ఒక్కటే పాయింటు. అది తిరిగి కలపండి: 115–113 ఉసిక్, 114–114 సమం, 115–113 ఫ్యూరీ. ఒకడికొకటి, ఒకటి సమం. అదే ఏడాది డిసెంబరు 21న రెండోసారి తలపడినప్పుడు ఇంత గీటుమీద నిలవలేదు, ముగ్గురూ 116–112 ఉసిక్‌కే వేశారు.

గోదారిగట్టు:
టన్నీ–డెంప్సీ రెండో పందెం, షికాగో సోల్జర్ ఫీల్డ్, 1927 సెప్టెంబరు 22.

కొట్టి నిలిచెనేని కోణమ్ము చేరక
లెక్క మొదలు కాదు లేవవచ్చు
పదికి మునుపె లేచి పరుగిడు కాళ్ళున్న
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

యతిమైత్రి:
కొ–కో, లె–లే, ప–ప, నే–నె. ఒక్క పూరకపదం లేదు. మూడో పాదం "కాళ్ళున్న" అని ఆగకుండా సమస్యలోకి నడిచిపోవడంతో ఇచ్చిన పాదం అతికించినట్టు లేదు, పద్యంలోంచే పుట్టినట్టుంది.

పిడికిలి:
జోస్యంగానూ దీనికే మొదటి స్థానం. పడగొట్టినవాడు దూరంగా ఉన్న తటస్థ మూలకి (ఇద్దరిలో ఎవరిదీ కాని మూలకి) వెళ్ళేదాకా లెక్క మొదలుపెట్టకూడదన్న నిబంధన ఆ పందేనికి ఉంది. డెంప్సీ అలవాటూ లోకానికి తెలుసు: 1923లో ఫిర్పో పడినప్పుడల్లా పక్కనే నిలబడి, మోకాలు నేలనుంచి లేవగానే మళ్ళీ కొట్టాడు. నిబంధన ఒకవైపు, అలవాటు ఇంకోవైపు పెట్టి చూస్తే, ముందురోజు రాత్రే ఈ పద్యం రాయవచ్చు. ఏడో రౌండులో టన్నీ పడ్డాడు, డెంప్సీ మూలకి పోక అక్కడే నిలిచాడు, రిఫరీ డేవ్ బారీ అతణ్ణి పంపి ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర టన్నీ లేచాడు. నేలమీద ఉన్నది దాదాపు 14 సెకన్లు. లేచాక కలబడకుండా వెనక్కి వెనక్కి తిరిగాడు, డెంప్సీ కాళ్ళు అందుకోలేకపోయాయి. "పరుగిడు కాళ్ళున్న" అన్నది అందుకే గురి తప్పని మాట. ఎనిమిదో రౌండులో డెంప్సీ కూడా కాసేపు పడ్డాడు. అయినా మొదటి పాదంలోని షరతు వల్ల "పడినవాఁడు" ఎవరో ఇక్కడ తికమక లేదు. పది రౌండ్ల తీర్పు టన్నీది.

ఒకే ఒక్క మాట: రింగులో "మూల" అంటాం, "కోణం" అనం. యతి కోసం అనివార్యమైంది, ఒప్పుకోవచ్చు.

ముంజేయి:
అంకెలు వద్దన్నారు కాబట్టి, ఫలితం చెప్పని అంకెలతో ఇంకొకటి. పన్నెండు రౌండ్ల పందేనికి.

పడిన యట్టి రౌండు పది యెనిమిదిగాను
తక్కినట్టి వాటఁ దక్కెనేని
యేడు రౌండ్లు చాలు నెదుటివానిని మించ
నేలఁ బడినవాఁడె నెగ్గు నేఁడు

యతిమైత్రి:
"తక్కినట్టి వాటఁ దక్కెనేని" వినసొంపుగా ఉంది. మూడో పాదంలో ఏ–(న్)ఎ స్వరయతి సరిపోయింది.

పిడికిలి:
లెక్క సరిచూశాను. ఒకసారి పడి ఆ రౌండు 10–8గా పోతే, మిగతా వాటిలో ఏడు గెలిస్తే పదేసి చొప్పున 70, ఓడిన నాలుగింటికి తొమ్మిదేసి చొప్పున 36, పడినదానికి 8, మొత్తం 114. ఎదుటివాడికి 63, 50 కలిపి 113. ఆరే గెలిస్తే 113–114 అవుతుంది, ఓటమి. ఒకే రౌండులో రెండుసార్లు పడితే సాధారణంగా 10–7. అప్పుడు ఏడు గెలిచినా 113–113 సమమే, ఎనిమిది కావాలి. 2005లో వ్లదిమిర్ క్లిచ్కో శామ్యూల్ పీటర్ చేతిలో అయిదో రౌండులో రెండుసార్లు, పదిలో ఒకసారి పడి కూడా ముగ్గురి కార్డుల మీదా 114–111తో గెలిచాడు. విప్పి చూస్తే తొమ్మిది రౌండ్లు అతనివే. అతను పట్టమేలుతున్న రోజు కాదు కాబట్టి పూరణకి పనికిరాదు గానీ, మీ పద్యానికి సాక్ష్యం.

చలువపందిరి గారి 1971 పందేనికి మాత్రం ఈ లెక్క వెయ్యకండి. న్యూయార్క్‌లో అప్పుడు తీర్పు పాయింట్ల మీద కాదు, ఎన్ని రౌండ్లు గెలిచారన్నదాని మీదే: 11–4, 9–6, 8–6, ఒకటి సమం. పదిహేనో రౌండులో పడినందుకు అలీకి పోయింది ఆ ఒక్క రౌండే. పడకపోయినా ఆ కార్డులు తిరగబడేవి కావు.