చర్చ: చంద్రుని రాత్రి గట్టెక్కాలంటే రేడియోధార్మిక హీటర్ తప్పదా?

సాగర్ గేటు 26
2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుని మీద దిగింది. సెప్టెంబర్ 2న రోవర్ ప్రజ్ఞాన్‌ను, 4న విక్రమ్‌ను నిద్రపుచ్చిండ్రు. 22న పిలిస్తే రెండూ పలకలే. చంద్రుని ఒక్క పగటికే తయారుచేసినం అని ముందే చెప్పిండ్రు, నిజమే. నేను అడిగేది, ఒక్క పగటికే ఎందుకు తయారుచెయ్యాలె అని.

లెక్క చూడుండ్రి. అక్కడ ఒక రాత్రి అంటే మన 354 గంటలు. లోపలి ఎలక్ట్రానిక్స్ డబ్బాను బతికించనీకి 10 వాట్ల వేడి చాలనుకుందాం. మొత్తం 3,540 వాట్-అవర్లు. లిథియం-అయాన్ ప్యాక్ కిలోకు 150 వాట్-అవర్లు ఇచ్చినా 24 కిలోలు కావాలె. బ్యాటరీని 80 శాతం కంటె ఎక్కువ ఖాళీ చెయ్యొద్దు కాబట్టి అది 30 కిలోలకు పోతది. ప్రజ్ఞాన్ మొత్తం బరువే 26 కిలోలు. అదే అమెరికా వాడే 1 వాట్ ఆర్‌హెచ్‌యూ, అంటే కరెంటు లేకుండ తనంతట తానే వేడినిచ్చే రేడియోధార్మిక హీటర్, ఒక్కోటి 40 గ్రాములు. అందుల ప్లుటోనియం ఆక్సైడ్ 2.7 గ్రాములే. పది పెట్టినా 400 గ్రాములు. 30 కిలోలు ఎక్కడ, 400 గ్రాములు ఎక్కడ?

మన దగ్గర ఆ వస్తువు లేదనడానికి లేదు. ల్యాండర్‌ను చంద్రుని కాడిదాక మోసుకపోయిన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌ల 1 వాట్ హీటర్లు రెండు పెట్టిండ్రు. బరువు పెరుగుతదని ల్యాండర్‌ల, రోవర్‌ల పెట్టలేదట. జపాన్‌తో కలిసి పంపే చంద్రయాన్-5 రోవర్ 250 కిలోలది. దానికైనా పెట్టాలె అంటున్న.

పిల్లలమర్రి నీడ
పెట్టాల్సిందే. చైనా చాంగ్‌అ-4 2019 జనవరిల దిగి రాత్రుల మీద రాత్రులు దాటింది, రేడియోధార్మిక వేడితోనే.

డిండి వాగు
అన్నా, మీ 10 వాట్లు ఎక్కడి నుంచి వచ్చినయ్? అసలు చిక్కంతా అక్కడే ఉంది. పగలు లోపలి వేడిని బయటికి పంపడానికి రేడియేటర్ పెడతాం. రాత్రి కూడా అది ఆకాశాన్నే చూస్తుంటుంది. 0.1 చదరపు మీటరు రేడియేటర్, ఎమిసివిటీ (వేడిని వెదజల్లే గుణం) 0.8, ఉష్ణోగ్రత మైనస్ 20 అనుకోండి. ఒక్క దాని నుంచే దాదాపు 19 వాట్లు పోతాయి. దాన్ని 20 డిగ్రీల దగ్గర పెట్టాలంటే 33 వాట్లు. వైర్ల కట్ట గుండా, చక్రాల కాళ్ల గుండా పోయేది వేరే.

అంటే హీటర్ కంటే ముందు రేడియేటర్‌ను రాత్రి మూసే ఏర్పాటు కావాలి. హీట్ స్విచ్ కావచ్చు, మూత కావచ్చు, కావలసినప్పుడు ఆగిపోయే హీట్ పైప్ కావచ్చు. మార్స్ మీది స్పిరిట్, ఆపర్చునిటీ బ్యాటరీలకు మైనపు స్విచ్‌లు పెట్టారు. వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది, రెండు లోహపు ముఖాలు కలుస్తాయి, వేడి బయటికి పోతుంది. చల్లబడితే విడిపోతాయి. ఇది సరిగ్గా చేస్తే ఎన్ని వాట్లు కావాలన్నది పూర్తిగా మారిపోతుంది. చెయ్యకపోతే పది ఆర్‌హెచ్‌యూలు కూడా దండగ.

సాగర్ గేటు 26
స్విచ్ పెట్టాలె, ఒప్పుకుంటున్న. కానీ మూసినంక కూడా వేడి ఎంతో కొంత కారుతది కదా తమ్మీ. దాన్ని 354 గంటలు ఎవరు పూడ్చాలె? సూర్యుడు లేడు. బ్యాటరీయో, ఆర్‌హెచ్‌యూయో, రెండే దార్లు.

డిండి వాగు
మూడో దారి ఉంది. రాత్రి పూర్తిగా గడ్డకట్టనిచ్చి, పొద్దున వెలుగుతో లేవడం. జపాన్ ల్యాండర్ స్లిమ్ 2024 జనవరిలో ముక్కు మీద వాలి దిగింది. ఆర్‌హెచ్‌యూ లేదు, రాత్రికి డిజైన్ చెయ్యలేదు. అయినా మూడు రాత్రులు దాటి లేచింది. అంతకు ముందు 1966లో అమెరికా ల్యాండర్ సర్వేయర్-1 కూడా రేడియోధార్మిక వేడి లేకుండానే రాత్రులు దాటింది.

సాగర్ గేటు 26
రెండో రాత్రి తరువాత స్లిమ్‌ల కొన్ని ఉష్ణోగ్రత సెన్సర్లు, వాడని బ్యాటరీ సెల్స్ పాడైతున్నయని జపానోళ్లే చెప్పిండ్రు. ఏది పగులుతదో తెల్వకుండ 250 కిలోల రోవర్‌ను పంపుతమా? సోల్డర్ ఒక తీరు కుదించుకుంటది, చిప్ కింది సిరామిక్ ఇంకో తీరు. మైనస్ 180కి పోయి మళ్ల 50కి వస్తే అతుకు పగుళ్లిస్తది. లేచుడు అదృష్టం. డిజైన్ అంటే అదృష్టం కాదు.

డిండి వాగు
అదృష్టం అనకండి. మైనస్ 180 నుంచి పైకీ కిందికీ బోర్డులను చాంబర్‌లో పదే పదే తిప్పి పరీక్షిస్తే ఏ అతుకు పోతుందో తెలుస్తుంది. చెయ్యకూడనిది ఒక్కటే: తెల్లారగానే గడ్డకట్టిన లిథియం సెల్‌కు ఛార్జింగ్ ఇవ్వడం. సున్నా కిందనే ఛార్జ్ చేస్తే ఆనోడ్ మీద లిథియం లోహం పూతలా పేరుకుంటుంది, సెల్ లోపలే షార్ట్ అవుతుంది. కాబట్టి సోలార్ కరెంటు ముందు హీటర్‌కు పోవాలి, సెల్ వెచ్చబడ్డాకే ఛార్జర్ కలవాలి. ఆ పని కంప్యూటర్ లేవకముందే జరగాలి కాబట్టి ఉష్ణోగ్రతను బట్టి కలిసే మామూలు రిలే చాలు.

ఫరహాబాద్ గుట్ట
మీ ఇద్దరి లెక్కలు చదివిన. రేడియోధార్మిక సరుకు ఎక్కడికెళ్లి వస్తదో ఒక్కలు రాయలే. అమ్రాబాద్ అడవిల 83 చదరపు కిలోమీటర్ల యురేనియం సర్వే అన్నప్పుడు ఇక్కడి చెంచు పెంటలకు, అంటే గూడేలకు, ఎవ్వరన్నా ముందుగాల చెప్పిండ్రా? 2019 సెప్టెంబర్‌ల అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసేదాక కొట్లాడాల్సి వచ్చింది. అటు మీ సాగర్ ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల సంగతి 2003 నుంచి తెలుసు గద. ఇయ్యాల చంద్రుని హీటర్ అంటరు, రేపు దానికి గనులు అంటరు.

సాగర్ గేటు 26
అక్కా, రెండు వేరే సంగతులు కలుపుతున్నరు. ప్లుటోనియం-238 గనిల దొరకదు. నెప్ట్యూనియం-237ను రియాక్టర్‌ల న్యూట్రాన్లతో కొట్టిస్తే వస్తది. అమెరీషియం-241 అయితే పాత ప్లుటోనియంల తనంతట తానే పుడతది, రసాయనంగ వేరు చేసుకోవాలె. వేడి తక్కువ, గ్రాముకు 0.11 వాట్, ప్లుటోనియం-238ది 0.57. కానీ అర్ధాయువు 432 ఏండ్లు. గ్రాముల లెక్క ఇది. దీని కోసం నల్లమలల కొత్త బోరు ఒక్కటి కూడా వెయ్యనక్కరలే.

ఫరహాబాద్ గుట్ట
నేను అడిగింది గని గురించే కాదు.

కోయిలకొండ
ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లాలు మనవి. చంద్రయాన్-3కి 615 కోట్లు. ముందు ఇక్కడి మనుషుల ఎముకలు చూడాలి.

సాగర్ గేటు 26
ఆ చర్చ వేరే పెట్టుండ్రి, వస్తా. ఇక్కడ హీటర్ సంగతే.

డిండి వాగు
హీటర్ సంగతే చెప్తున్నా. పగలు ఏం చేస్తారు? ఆర్‌హెచ్‌యూకు స్విచ్ ఉండదు. రాకెట్ మీద కూర్చున్నప్పుడు కూడా వేడి ఇస్తూనే ఉంటుంది, చంద్రుడి మిట్టమధ్యాహ్నం కూడా ఇస్తూనే ఉంటుంది. విక్రమ్ మీది చాస్టే, మట్టి ఉష్ణోగ్రత చూసే పరికరం, కొలిచింది గుర్తుందా? పైన 50 డిగ్రీల పైచిలుకు, 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10. మట్టి వేడిని పీల్చుకోదు, రోవర్ వేడంతా రేడియేటర్ గుండానే పోవాలి.

సోవియట్ రోవర్లు లూనోఖోద్‌లలో పొలోనియం-210 వేడి ఉండేది. మూత పగలు తెరిచి, రాత్రి రేడియేటర్ మీద మూసేవారు. మొదటిది 1970 నవంబర్‌లో దిగి పది నెలలు నడిచింది. రెండోది 1973లో ఒక గుంట గోడకు మూత తగిలి మట్టి ఎత్తుకుంది. మూత మూసినప్పుడు ఆ మట్టి రేడియేటర్ మీద పడింది, తరువాత పగలు వేడెక్కి పోయింది. రాత్రి కోసం పెట్టిన ఏర్పాటే పగలు చంపింది.

సాగర్ గేటు 26
చంపింది దుమ్ము. హీటర్ కాదు. మంచి మూత పెట్టకపోతే హీటర్‌ది తప్పా?

డిండి వాగు
హీటర్, మూత, స్విచ్, రేడియేటర్ అన్నీ కలిపి తూకం వెయ్యమంటున్నా. మీ 400 గ్రాములు అనే మాట అందుకే తప్పు. ఈ మాట ఇది మూడోసారి.

సాగర్ గేటు 26
మూడుసార్లు చెప్పినా 30 కిలోలు 400 గ్రాములు అయితయా?

ఫరహాబాద్ గుట్ట
అన్నా, కిలోలు పక్కకు పెట్టు. ఆ రెండు హీటర్లు ప్రొపల్షన్ మాడ్యూల్‌ల ఉన్నయన్న సంగతి నువ్వు ఎప్పుడు చదివినవ్? ప్రయోగం జరిగిన 2023 జులై 14కు ముందా, తరువాతా?

సాగర్ గేటు 26
తరువాత. నెలలైనంక.

ఫరహాబాద్ గుట్ట
అయితే ఇంకోటి. ఆ మాడ్యూల్‌ను చంద్రుని కాడ ఉంచలే. ఇంధనం మిగిలిందని అక్టోబర్‌ల మళ్లించి భూమి చుట్టు కక్ష్యకు తెచ్చిండ్రు. హీటర్లు సుత వెనక్కొచ్చినట్టే గద. ఇస్రో ప్రకటనల ఇంధనం గురించి, కక్ష్య గురించి ఉంది. హీటర్ల ముచ్చట నాకు కనిపియ్యలే.

సాగర్ గేటు 26
దగ్గరికి వచ్చుడు 1.15 లక్షల కిలోమీటర్ల కంటె తక్కువ ఉండదని ఇస్రో రాసింది. పడే ముప్పు లేదు. 2 వాట్ల సరుకది. అమెరికా ఆర్‌హెచ్‌యూల ఇంధనం సిరామిక్, దాని మీద ప్లాటినం-రోడియం తొడుగు, ఆపైన గ్రాఫైట్ కవచం. ఆల్ఫా కిరణాలు కాగితం దాటవు. పొడి అయ్యి ఊపిరితిత్తుల్లకు పోతేనే ప్రమాదం, అందుకే పొడి కానియ్యరు. భయపెట్టే మాటలు వద్దక్కా.

ఫరహాబాద్ గుట్ట
భయపెట్టుడు అంటవా! 1965ల హిమాలయాల్ల నందాదేవి కాడ ప్లుటోనియం జనరేటర్ పోయింది. పార్లమెంటుల చెప్పింది 1978ల. పదమూడేండ్లు ఆ నీళ్లు తాగినోళ్లకు ఎవ్వరూ చెప్పలే, ఆ వస్తువు ఇప్పటికీ దొరకలే. నీ ప్లాటినం తొడుగు మీద నాకు అనుమానం లేదు. ముందుగాల చెప్పరు అన్నదే నా కొట్లాట. మా దిక్కు బోర్లు వేసినోళ్లు గూడ వేసినంకనే చెప్పిండ్రు.

పిల్లలమర్రి నీడ
అక్క మాట సరైందే. 1964లో అమెరికా ఉపగ్రహం విఫలమై దానిలోని ప్లుటోనియం ఇంధనం పై వాతావరణంలో కాలి చెదిరింది. ఆ తరువాతే ముక్కలు కాకుండా తిరిగి పడే డిజైన్‌కు మారారు. బయటికి తెలిసింది కాబట్టే మారింది.

సాగర్ గేటు 26
చట్టం సంగతి చూద్దాం మరి. 1992 ఐక్యరాజ్యసమితి సూత్రాల్లో నాలుగోది, భద్రతా అంచనాను ప్రయోగానికి ముందే ప్రజల ముందు పెట్టాలంటది. కానీ ఆ సూత్రాలు కరెంటు తయారుచేసే వాటికే అని పీఠికల ఉంది. ఆర్‌హెచ్‌యూ కరెంటు తయారు చెయ్యదు. కాబట్టి వర్తించదు.

డిండి వాగు
2009 భద్రతా చట్రం కూడా చూడండి. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష సంఘమూ అంతర్జాతీయ అణుశక్తి సంస్థా కలిసి రాసింది. అందులో నిర్వచనం కరెంటుకో, వేడికో, తోపుకో వాడే ఏ పరికరమైనా అని ఉంది. వేడి అన్న మాట స్పష్టంగా ఉంది. అయితే 1992 సూత్రాలకైనా, ఈ చట్రానికైనా కట్టుబడి తీరాలని లేదు.

సాగర్ గేటు 26
వేడి అన్న మాట ఉంది. ఇప్పుడే చూసిన. ఆ మాట నాది తప్పు.

హీటర్ పెట్టాలె అన్న మాట మాత్రం మారదు. ప్రజ్ఞాన్ మీద మట్టిల మూలకాలను గుర్తించే ఏపీఎక్స్ఎస్ పరికరంల రేడియోధార్మిక క్యూరియం-244 ఎట్లాగూ పోయింది. దాని గురించి సైంటిస్టులు ముందే బహిరంగంగ రాసిండ్రు, ఎవరికీ ఇబ్బంది కాలే. హీటర్ గురించి గూడ అట్లనే రాయొచ్చు. ప్రయోగానికి ముందు ప్రకటన ఇయ్యాలె అన్నదాని మీద నా సంతకం వేసుకోండి.

ఫరహాబాద్ గుట్ట
సంతకం సరిపోదన్నా, ముసాయిదా నువ్వే రాయి. నాకు అంత టెక్నికల్ రాదు. ఐసోటోప్ ఏది, ఎన్ని గ్రాములు, ఎన్ని వాట్లు, రాకెట్ మీదికి ఎప్పుడు ఎక్కిస్తరు, శ్రీహరికోట షార్‌ల పేలితే కవచం ఏ పరీక్షకు నిలిచింది, మిషన్ అయినంక ఆ వస్తువు యాడ ఉంటది. తెలుగుల రాయి. పెంటల చదివి వినిపిస్త.

డిండి వాగు
దాంట్లో ఒక వాక్యం చేర్చండి: మొత్తం ఉష్ణ వ్యవస్థ బరువు, రేడియేటర్ మూతతో సహా.

సాగర్ గేటు 26
చేరుస్త. ఆదివారం పొద్దుగల్ల ఇక్కడే పెడత, తప్పులుంటే దిద్దుండ్రి.