ఇయర్‌ఫోన్ పాడైందనుకున్నా! (స్ట్రోక్స్ మొదటి ఆల్బమ్)

అర్ధరాత్రి_రేడియో:
న్యూయార్క్ రాక్ బ్యాండ్ ది స్ట్రోక్స్ మొదటి ఆల్బమ్ 'ఈజ్ దిస్ ఇట్' 2001లో వచ్చింది. నేను మొన్ననే విన్నాను, నవ్వకండి. గిటార్లు శుభ్రంగానే ఉన్నాయి. పాడేవాడి గొంతు మాత్రం పాత ల్యాండ్‌లైన్‌లోంచి వస్తున్నట్టు ఒకటే గరగర. ఇయర్‌ఫోన్ పిన్ను తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. వేరే ఫోన్‌లోనూ అంతే. మీకూ ఇలాగే ఉందా?

మూడో_తీగ:
మీ ఇయర్‌ఫోన్ నిక్షేపంగా ఉంది. గాయకుడు జూలియన్ కాసాబ్లాంకాస్ గొంతును ప్రాక్టీస్‌కి వాడే చిన్న ఆంప్ (సౌండ్ పెంచే పెట్టె) గుండా పంపి రికార్డ్ చేశారు, కావాలనే. ముందు గిల్ నార్టన్ అనే పేరున్న ప్రొడ్యూసర్‌తో కొన్ని పాటలు చేశారు. మరీ నున్నగా వచ్చాయని వాటిని పక్కన పడేసి, గోర్డన్ రాఫెల్‌తో న్యూయార్క్‌లో ఓ నేలమాళిగ స్టూడియోలో మళ్లీ మొదలుపెట్టారు. ఒక గిటార్ బండి చక్రంలా తిరుగుతుంటే రెండోది దాని చుట్టూ అల్లుకుంటుంది, గమనించండి. గొంతు కూడా నున్నగా ఉంటే ఈ ఊపు వచ్చేది కాదు.

తాళం_తప్పినోడు:
డ్రమ్స్ నేర్చుకుంటున్న కొత్తలో ఇందులోని 'హార్డ్ టు ఎక్స్‌ప్లెయిన్' పాటలో వినిపించేది డ్రమ్ మెషిన్ అనుకున్నాను. ఇదేం పెద్ద విద్య అని పాటతో పాటు వాయించబోయాను. రెండు నిమిషాలకే మణికట్టు పట్టేసింది! అది వాళ్ల డ్రమ్మర్ ఫాబ్రిజియో మోరెట్టి చేత్తో వాయించిందే, మెషిన్‌లా వినపడేట్టు సౌండ్ మార్చారంతే. అప్పట్నుంచి ఆయనంటే భయం, భక్తి.

వేడి_టీ:
నాకైతే ఎక్కలేదండీ. 11 పాటలూ ఒకే పాటలా అనిపించాయి. 36 నిమిషాల్లో అయిపోవడమే అందులో గొప్ప. ఊపు కావాలంటే బ్రిటిష్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ వినండి, 2006లో వచ్చింది. షోలకు వచ్చినవాళ్లకు డెమో సీడీలు ఉచితంగా పంచేవారు, అభిమానులు వాటిని నెట్‌లో పెట్టేశారు. దాంతో ఆల్బమ్ వచ్చేలోపే జనానికి పాటలు నోటికొచ్చేశాయి. అయినా మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3.6 లక్షలకు పైగా అమ్ముడైంది.

సీడీల_పెట్టె:
'ఒకే పాటలా' అన్నందుకు వేడి_టీ గారితో తర్వాత తేల్చుకుంటాను :) రేడియో గారూ, మీ దాంట్లో తొమ్మిదో పాట ఏది? నా దగ్గరున్నది అమెరికా సీడీ. అందులో 'వెన్ ఇట్ స్టార్టెడ్' ఉంది. అసలు అక్కడ ఉండాల్సింది న్యూయార్క్ పోలీసులను వెక్కిరించే పాట. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అది బాగుండదని తీసేశారు, విడుదల కూడా అక్టోబర్‌కి జరిపారు. నేను ఆ సంగతి తెలియక, స్నేహితుడు ఆ పాట పాడుతుంటే 'అలాంటి పాటే లేదు' అని గంటసేపు వాదించాను.

అర్ధరాత్రి_రేడియో:
నా దాంట్లో పోలీసుల పాటే ఉంది. నిన్న మళ్లీ మొదట్నుంచీ పెట్టాను, ఈసారి స్పీకర్లో. మూడో పాటకి మా అక్క గదిలోంచి వచ్చి, 'ఒరేయ్, స్పీకర్ చిరిగినట్టుంది చూడు' అంది.